ఇస్త్రీ సెక్షను లీటరు

ఇస్త్రీ అక్క కిడ్నీలో రాయి వేసింది మీరే. మేనేజరుగారూ, మీరే. కంపెనీ డాక్టరుగారూ, మీరే. గోదాము నిండా ఒకే రకం సీసాలు కొని, వాటిలో నీళ్ళు ఎన్ని పడతాయో ఒక్కసారి పోసి చూడని స్టోర్సు పెద్దమనుషులూ, మీరూ. "నీళ్ళు తాగలేదు కాబట్టి రాయి వచ్చింది" అని కాగితం మీద రాశారు, కింద సంతకం గీకారు, చేతులు దులుపుకున్నారు. ఆ మాట ఎంత అబద్ధమో మేము టేపు పెట్టి కొలిచాం. మొదట తప్పుగా కొలిచాం. అదీ చెబుతాను. మా తప్పు చాప కింద తోసేసి మీ తప్పు మీద అరవడం నాకు చేతకాదు.

తెలియనివాళ్ళ కోసం మొదట్నుంచీ చెప్పాలి.

మాది బట్టలు కుట్టే ఫ్యాక్టరీ. కింద కటింగు హాలు, మొదటి అంతస్తులో కుట్టు మిషన్లు, ఆ పైన రేకుల కప్పు కింద ఇస్త్రీ. వేడి పైకి పోతుందని పొయ్యి ముందు కూచున్న ఎవరికైనా తెలుసు. ఈ బిల్డింగు కట్టినవాడికి తెలియలేదు. బాయిలరు నుంచి గొట్టాల్లో ఆవిరి పైకొస్తుంది. ఇస్త్రీ పెట్టె కుడిచేతిలో, దాని గొట్టం భుజం మీద. కాలికింద పెడలు తొక్కితే బల్ల ఆ ఆవిరిని కిందికి పీల్చేసుకోవాలి. సగం బల్లలు పీల్చవు. ఆ ఆవిరంతా మనిషి మొహానికి కొడుతుంది. కాలరు, కఫ్ఫు, భుజం కుట్టు, వీపు, మళ్ళీ కాలరు. పొద్దున వేసుకొచ్చిన రవిక మధ్యాహ్నానికి పిండితే కారుతుంది.

అంత చెమట పోయినచోట నీళ్ళు ఎలా ఇస్తారనుకున్నారు? తాళం వేసి ఇస్తారు. కొళాయి కింది అంతస్తులో, నీళ్ళ గదిలో ఉంది. ఆ గది తాళంచెవి సూపర్‌వైజరమ్మ నడుముకు వేలాడుతుంది. ఆవిడను మేము విజిలు అంటాం. మెడలో నిజంగానే విజిలు ఉంటుంది, మనుషుల్ని పేరుపెట్టి పిలిచే ఓపిక ఆవిడకు లేదు. కొళాయి తెరిచిపెడితే అందరూ తాగుతారట, తాగితే బాత్రూముకు లేస్తారట, లేస్తే మిషను ఆగుతుందట. అందుకని కంపెనీ సీసాలు. గుండ్రటి తెల్ల ప్లాస్టిక్కు సీసా, పొడుగు మెడ, నీలం మూత. పక్కన "1 లీటరు" అని అచ్చు. కుట్టువాళ్ళకు షిఫ్టుకు రెండు, ఇస్త్రీవాళ్ళకు మూడు. విజిలు ట్రాలీ మీద తోసుకొచ్చి పంచుతుంది, ఖాళీవి లెక్కపెట్టి తీసుకుపోతుంది. అవి గేటు దాటకూడదు. ఇంటి సీసా, చెంబు, గ్లాసు లోపలికి రాకూడదు. ఏం తెస్తారో, బట్ట మీద ఏం ఒలకబోస్తారో అని. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కుతినా తిననివ్వదు.

ఇక ఇస్త్రీ అక్క. వయసులో ఆవిడకన్నా పెద్దవాళ్ళు కూడా అక్క అనే పిలుస్తారు. పైన అందరికన్నా పాత చెయ్యి. ఆవిడ మొగుడు ట్రక్కు మీద ఊళ్ళు తిరుగుతాడు. మొగుడి అన్నే మా కటింగు మాస్టరు. ఆవిడను ఈ పనిలో పెట్టించింది ఆయనే. ఇంట్లో బావగారు, ఇక్కడ మాస్టరు. ఆయన ఎదురొస్తే ఆవిడ ఇప్పటికీ గోడవారకు జరుగుతుంది.

అక్కకు ఒకసారి రాయి వచ్చింది. పెద్దాసుపత్రి డాక్టరమ్మ పగలగొట్టి తీసింది. తీసి ఒక మాట చెప్పింది: "అమ్మా, నువ్వు చేసే పనికి, పనిలో ఉన్నంతసేపట్లో మూడు లీటర్లు తాగాలి. తగ్గిందంటే మళ్ళీ వస్తావు నా దగ్గరకి." అక్క ఆ మాటను తలకెక్కించుకుంది. సీసాకు లీటరు, మూడు సీసాలు, మూడు లీటర్లు. బాత్రూముకు వెళితే విజిలు ఊదుతుందని మిగతావాళ్ళు నీళ్ళు మిగిల్చేవాళ్ళు. ఈవిడ మాత్రం మూడూ తాగేది. ఆఖరి చుక్కకు సీసా ఎత్తి తట్టేది. మేము నవ్వేవాళ్ళం.

అయినా మళ్ళీ రాయి వచ్చింది.

ఈసారి పని మధ్యలో బల్ల పట్టుకుని కూలబడింది. కంపెనీ డాక్టరు చూశాడు. చూసి రాశాడు: రోజూ తగినంత నీరు సరఫరా చేసినప్పటికీ తాగే అలవాటు లేదు, వేడి పనికి అనర్హురాలు. నొప్పి తగ్గి ఆవిడ పనిలోకి తిరిగొచ్చిన పొద్దునే ఆ కాగితం చేతిలో పెట్టారు. సాయంత్రం షిఫ్టు దిగాక పర్సనెల్ ఆఫీసరు గదికి రావాలి. చెప్పుకోవలసింది ఉంటే అక్కడ చెప్పుకోవాలి, లేకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు.

అక్కకు వచ్చిన పని ఇస్త్రీ ఒక్కటే. వేడి పనికి పనికిరాదని ఒక ఫ్యాక్టరీ రాసిందంటే, ఈ చుట్టుపక్కల రెండో ఫ్యాక్టరీ గేటు తెరవదు. సాయంత్రంలోగా ఏదో ఒకటి తేలాలి.

మధ్యాహ్నం భోజనాలకు అందరం కటింగు హాల్లో చేరాం. అక్కడే ఫ్యాన్లు తిరుగుతాయి. అక్క డబ్బా మూత తీయలేదు.

"మూడూ తాగానే. చుక్క వదల్లేదు. ఎందుకొచ్చింది మరి?" అంది నాతో. యూనియను పని చూసేదాన్ని కాబట్టి నాకు జవాబు తెలుసనుకుంది. నాకు తెలియదు.

గుండీలమ్మ తన సీసాను చేతిలో అటూ ఇటూ తిప్పుతోంది. గుండీలు కుట్టే మిషను మీద ఉంటుంది కాబట్టి ఆ పేరు. నోరు ఊరుకోదు.

"ఈ మెడ చూడండే. కొంగకి ఉంటుంది ఇంత మెడ. కడుపేమో కాస్తంత. ఇది లీటరేనంటారా?"

"అచ్చు వేసుంది కదే."

"అచ్చుదేముంది. మా ఆయన మోటారుసైకిలు మీద కూడా పులి బొమ్మ ఉంది."

అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. సీసా లాక్కుని చూసింది. "కొలిస్తే తెలుస్తుందా?" అంది.

ఇంట్లో అయితే నిమిషం పని. లీటరు పాల ప్యాకెట్టు కత్తిరించి అందులో పోస్తే చాలు. కానీ మేము గేటు లోపల ఉన్నాం, సాయంత్రానికి లెక్క కావాలి. లోపల మా దగ్గరున్నవి కత్తెరలు, సుద్దముక్కలు, టేపులు. సరే, టేపుతోనే కొలుద్దాం అన్నాను. పాత కాగితాల కొట్లో తూకానికి కొన్న లెక్కల పుస్తకంలో ఆ ఉపాయం చదివాను. గుండ్రంగా నిటారుగా ఉన్నంతవరకు సీసా కొలవడం తేలిక. చిక్కు మెడ దగ్గరే. మెడను కొలవక్కర్లేకుండా ఒక దారి ఉంది. సీసాలో కొన్ని నీళ్ళు ఉంచి, నిలబెట్టి, నీళ్ళ ఎత్తు చూడాలి. మూత బిగించి తలకిందులు చేయాలి. మెడ నీళ్ళతో నిండిపోతుంది, ఖాళీ అంతా వెడల్పు భాగంలోకి వచ్చేస్తుంది. ఆ ఖాళీ ఎత్తు చూడాలి. రెండు ఎత్తులూ కలిపితే, సీసాకు అసలు మెడే లేకపోయి ఉంటే ఎంత ఎత్తు ఉండేదో అంత. ఇక చుట్టుకొలత ఒక్కటే కావాలి.

"టేపు నాకివ్వండి," అన్నాడు మాస్టరు. అప్పటిదాకా తన బల్ల దగ్గర మాట్లాడకుండా తింటున్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చాడు. "మీరు కొలిస్తే పనవదు. మనింటి పిల్ల విషయం."

మాస్టరు టేపు పట్టాడంటే ఇక ఎవరూ మాట్లాడరు. ఎన్ని వేల చొక్కాలు ఆ చేతి కొలతతో పోయాయో, ఒక్కటీ వెనక్కి రాలేదు. సీసాను బల్ల మీద నిలబెట్టాడు. నీళ్ళ ఎత్తు పదిహేను సెంటీమీటర్లు. తలకిందులు చేశాడు. ఖాళీ ఎత్తు ఆరు. మొత్తం ఇరవై ఒకటి. తర్వాత సీసా నడుముకు టేపు చుట్టి చూశాడు.

"ఇరవైనాలుగున్నర."

నేను సుద్దముక్క తీసుకుని కటింగు బల్ల మీదే లెక్క వేశాను. చుట్టుకొలతను ఏడుతో హెచ్చించి ఇరవై రెండుతో భాగిస్తే అడ్డంకొలత. అందులో సగం మూడు పాయింటు తొమ్మిది. దాన్ని దానితోనే హెచ్చించి, మళ్ళీ ఇరవై రెండు బై ఏడు, ఆ వచ్చినదాన్ని ఇరవై ఒకటితో. చుట్టూ తలలు వంగాయి. చెయ్యి తిరిగినదాన్ని కాదు, రెండుసార్లు చెరిపాను.

వెయ్యిన్నీ నాలుగు మిల్లీలీటర్లు వచ్చింది.

అంటే లీటరు. లీటరుకు నాలుగు చుక్కలు ఎక్కువే.

సుద్దపొడి చేతికంటుకుని అలాగే నిలబడ్డాను. గుండీలమ్మ కూడా నోరు మూసుకుంది. తర్వాత జరిగింది చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతున్నాను. మాలోనే ఎవరో అన్నారు:

"అక్కా, నిజం చెప్పు. మూడూ తాగేదానివా? అందరిలాగే మేమూ పారబోస్తాం కదా, ఏం తప్పు లేదు. చెప్పు."

"చెప్పాగా."

"కాదక్కా, బాత్రూముకి పంపరని…"

"చెప్పాగా తాగానని!" ఆ గొంతు అంతకుముందు ఎప్పుడూ వినలేదు. డబ్బా సర్దుకుని పైకి వెళ్ళిపోయింది. మెట్ల మీద సగంలో ఆగి నడుం పట్టుకోవడం చూశాం. నేను వెనకాల వెళ్ళలేదు. లెక్క చూస్తూ కూచున్నాను. లెక్క ఒకమాట చెబుతోంది, మనిషి ఇంకోమాట చెబుతోంది. నేను లెక్కనే నమ్మాను. ఆఫీసరు నమ్మినట్టే.

మాస్టరు మొహం వాడిపోయింది. "టేపు అబద్ధం చెప్పదు," అన్నాడు గోడతో చెబుతున్నట్టు. మరదలి పక్షాన కొలవబోయి ఆఫీసరుకు సాక్ష్యం తయారుచేశాడు. ఆ మాట ఆఫీసరు చెవిన పడటానికి ఎంతోసేపు పట్టలేదు. హాల్లో గోడలకే కాదు, విజిలుకు కూడా చెవులున్నాయి.

సాయంత్రం ఆఫీసరు గదిలో చల్లటి గాలి మిషను తిరుగుతోంది. అక్క తడిసిన రవికతో నిలబడి వణికింది. ఆమె పక్కన నేను. తలుపు దగ్గర విజిలు. ఆఫీసరు బల్ల మీద పెద్ద గాజు సీసాలో నీళ్ళు, మూతగా బోర్లించిన గ్లాసు. ఆయన మమ్మల్ని కూచోమనలేదు.

"ఈ బాటిల్ లీటరు కాదని మీ గోల అట," అన్నాడు. "నాకు తెలిసింది. మీరే కొలిచారు, లీటరే వచ్చింది. కొలిచినవాడు బయటివాడు కూడా కాదు, ఈవిడ సొంత బావ. ఇక మాట్లాడటానికేముంది?"

"తాగాను సార్," అంది అక్క.

"తాగితే రాయి ఎందుకొస్తుందమ్మా? డాక్టరు అబద్ధం రాస్తాడా?"

"డాక్టరు నన్ను అడగలేదు సార్. కళ్ళు చూశాడు, నాలుక చూశాడు, రాసుకున్నాడు."

ఆఫీసరు విజిలు వైపు చూసి, "మాస్టర్ని పిలవండి. ఒక బాటిలూ టేపూ తెమ్మనండి," అన్నాడు. పైకి రాసేటప్పుడు 'కార్మికుల సమక్షంలో కొలవగా' అని రాసుకోవాలి కదా. ఆ ముచ్చట కూడా తీర్చుకుందామనుకున్నాడు.

మాస్టరు వచ్చాడు. మెడలో టేపు, చేతిలో సీసా. మరదలి మొహం చూడలేదు. ఆఫీసరు కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"కానివ్వండి మాస్టరూ. నా కళ్ళముందు."

మాస్టరు నీళ్ళ ఎత్తు కొలిచాడు. పదిహేను. తలకిందులు చేశాడు. ఆరు. ఆఫీసరు రాసుకున్నాడు. మాస్టరు టేపు సీసా నడుముకు చుట్టాడు. ఎడమచేతి రెండు వేళ్ళు టేపు కిందికి పోయాయి. ఆయన చూసుకోలేదు. ఎవరం చూసుకోలేదు. మాకందరికీ అది రోజూ కనిపించే చెయ్యే. ఛాతీ కొలిచినా, నడుం కొలిచినా, చంక కొలిచినా ఆ రెండు వేళ్ళు టేపు కింద ఉంటాయి. ముప్ఫై ఏళ్ళుగా ఆయన కొలత అదే. ఆ వేళ్ళు లేకపోతే చొక్కా పట్టేస్తుంది, చెయ్యి ఎత్తితే చిరుగుతుంది. దాన్ని మా పనిలో లూజు అంటారు.

"ఇరవైనాలుగున్నర," అన్నాడు.

ఆఫీసరు కలం దించాడు. అప్పుడు అక్క గొంతు సవరించుకుంది.

"బావగారూ…"

ఆయన తల తిప్పలేదు.

"బావగారూ, ఏమీ అనుకోకండి. ఆ వేళ్ళు ఎందుకండీ లోపల?"

"ఏ వేళ్ళు?"

"టేపు కింద. మీవి."

మాస్టరు కిందికి చూశాడు. గదిలో అందరం ఆయన చేతి వైపు చూశాం. టేపు వేళ్ళ మీదుగా పోయింది. సీసాకూ టేపుకూ మధ్య అగ్గిపెట్టె దూరేంత సందు.

"అది… లూజు," అన్నాడు.

"సీసాకా?"

అక్క అప్పటిదాకా నేల చూస్తూ మాట్లాడేది. ఇప్పుడు తల ఎత్తింది. "సీసా ఊపిరి పీలుస్తుందా బావగారూ? అన్నం తింటే ఉబ్బుతుందా? కూచుంటే కుట్లు పిగులుతాయా దానికి? వేళ్ళు తీయండి ఒక్కసారి. బిగించి చూడండి."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది. ఆ బల్ల చుట్టూ మధ్యాహ్నం అంతమందిమి నిలబడ్డాం. అందరం బట్టల పనివాళ్ళమే. అందరం ఆ వేళ్ళు చూసే ఉంటాం. ఒక్కరికీ తప్పనిపించలేదు. ఇంకెవరైనా, ఏ కొబ్బరినూనె కొట్టువాడైనా కొలిచి ఉంటే టేపు బిగించి ఉండేవాడు. మేము కాబట్టి సీసాకు చొక్కా కొలత తీశాం.

మాస్టరు వేళ్ళు బయటికి లాగాడు. టేపు బిగించాడు. కళ్ళజోడు పైకి తోసుకుని దగ్గరగా వంగి చూశాడు. మళ్ళీ విప్పి, మళ్ళీ బిగించాడు.

"ఇరవై రెండు," అన్నాడు. "ఇరవై రెండే సార్."

నేను ఆఫీసరును అడగలేదు. ఆయన బల్ల మీద కాగితం తీసుకుని లెక్క వేశాను. ఈసారి చెరపవలసిన పనిలేదు. చుట్టు ఇరవై రెండైతే అడ్డం ఏడు, అందులో సగం మూడున్నర. ఎనిమిది వందల ఎనిమిది మిల్లీలీటర్లు. ప్లాస్టిక్కు మందం కూడా తీసేస్తే ఇంకా తగ్గుతుంది. దాన్ని వదిలేశాను, వాళ్ళకు దానం అనుకోండి. మూడు సీసాలకు దగ్గరదగ్గర రెండు లీటర్ల నాలుగు వందలు. అక్క మూడు లీటర్లనుకుని తాగిన ప్రతి షిఫ్టులోనూ అరలీటరు పైన ఆవిడకు అందనేలేదు. ఆ ఆవిరిలో. ఆ రేకుల కింద. ప్రతిరోజూ.

కాగితం ఆఫీసరు ముందుకు తోశాను. ఆయన చూశాడు, కాసేపు నీళ్ళు నమిలాడు.

"సరే, ఎనిమిది వందలే అనుకుందాం," అన్నాడు. "బాటిల్ మీద అచ్చు వేసింది మేము కాదు కదా. తయారుచేసినవాళ్ళు వేశారు. కంపెనీకేం సంబంధం?"

"కొన్నది మీరు. పంచింది మీరు. ఇంకోటి లోపలికి రానివ్వనిది మీరు," అన్నాను.

"అయినా ఆవిడకి చాలకపోతే నోరు లేదా? నాలుగోది అడగొచ్చుగా?"

అక్క విజిలు వైపు తిరిగింది. విజిలు నడుముకున్న తాళంచెవుల గుత్తిని చప్పుడు కాకుండా గుప్పిట్లో బిగించుకుంది.

"అడిగాను కదమ్మా," అంది అక్క. "ఎండలు ముదిరినప్పుడు అడిగాను. మీరేమన్నారు? చెప్పండి సార్‌కి."

విజిలు తలుపు గడియ వైపు తిరిగింది.

"నేనే చెప్తాను. 'మూడు లీటర్లని నీ డాక్టరమ్మే చెప్పింది, మూడు లీటర్లు ఇచ్చాను, ఇంకా ఏంటి, స్నానం చేస్తావా' అన్నారు. నేనూ నిజమేననుకుని ఊరుకున్నా. దాహం వేస్తే, నాది వట్టి అత్యాశ అనుకున్నా సార్. ఒంటికి చాలినన్ని తాగాను కదా, ఇంకా నోరెందుకు ఎండుతోంది అని నన్ను నేనే తిట్టుకున్నా."

ఆఫీసరు గ్లాసు ఎత్తబోయి, మమ్మల్ని చూసి, మళ్ళీ బోర్లించాడు.

మాస్టరు మెడలోంచి టేపు తీసి బల్ల మీద పెట్టాడు. "సార్, రాసుకోండి. తప్పు కొలిచింది నేను. నా పేరు మీదే రాయండి, సంతకం పెడతాను. కానీ నేను తప్పు కొలిచాను. మీరు అసలు కొలవనే లేదు." మరదలి వైపు తిరిగి, "అమ్మాయ్, నన్ను…" అని ఆగిపోయాడు.

"ఊరుకోండి బావగారూ. మీ చేతి చొక్కా ఇస్త్రీ చేస్తే ఎక్కడా ముడత నిలవదు. ఆ వేళ్ళ వల్లే," అంది ఆవిడ.

ఆఫీసరు ఫైలు మూశాడు. పైవాళ్ళతో మాట్లాడాలట. సీసాల కంపెనీకి రాయాలట. నిపుణుడితో కొలిపించాలట. అప్పటిదాకా ఈవిడ ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోవాలట. జీతం సంగతి తర్వాత చూస్తారట. కాగితం మీద "అనర్హురాలు" అనే మాట ఇంకా చెక్కుచెదరలేదు. మేము బయటికి వచ్చేసరికి గేటు దగ్గర ఇరవైమంది దాకా ఆగి ఉన్నారు. "ఎంత?" అని అడిగింది గుండీలమ్మ. ఎనిమిది వందల ఎనిమిది అన్నాను. "మరి మధ్యాహ్నం వెయ్యి ఎలా వచ్చింది?" చెప్పాను. మాస్టరు పక్కనే ఉన్నాడని కూడా చూడకుండా, "ఇంకా నయం, దానికి జేబు కుట్టలేదు," అంది. మాస్టరు కూడా నవ్వాడు. మధ్యాహ్నం "నిజం చెప్పు అక్కా" అని అడిగిన పిల్ల మాత్రం నవ్వలేదు. వచ్చి అక్క సంచీ తను పట్టుకుంది.

నిపుణుడు మాకు అక్కర్లేదు. ఆ రాత్రి ఎవరిళ్ళలో వాళ్ళం డబ్బాలు పాల ప్యాకెట్టుతో కొలుచుకుని, లీటరు దగ్గర గీత గీసుకుని మర్నాడు తెచ్చాం. టిఫిను డబ్బాను గేటు ఆపదు కదా. భోజనాల వేళ ఒక్కొక్కరం విజిలు ఇచ్చిన నిండు సీసా డబ్బాలోకి వంచాం. ఏ ఒక్కటీ గీతను తాకలేదు. ఏ ఒక్కటీ. కావాలంటే మీరూ వచ్చి పోసి చూడండి, మేము పక్కకు జరుగుతాం.

ఇక చేయాల్సింది వినండి. ఆ డాక్టరు కాగితం చింపండి. దాని బదులు ఉన్నది ఉన్నట్టు రాయండి: ఈమె తాగింది, కంపెనీ తగ్గించి ఇచ్చింది. అక్కను ఆమె బల్ల దగ్గరికి పిలవండి, ఆవిరి పీల్చే బల్ల దగ్గరికి. రెండో రాయి తీయించే ఖర్చు మీది, ఆవిడ ఇంట్లో పడుకున్న రోజుల జీతమూ మీదే. ఆ సీసాలు కొత్తవి కొంటామని, కొంచెం పెద్దవి కొంటామని, షిఫ్టుకు నాలుగు చేస్తామని బేరానికి రాకండి. మనిషి దాహానికి గీత గీసే పని ఎవరికీ ఇవ్వకండి. బాయిలరు నుంచి పైదాకా ఆవిరికి గొట్టం వేయగలిగారు. నీళ్ళకూ వేయండి. అది పడేదాకా నీళ్ళ గది తలుపు బార్లా తెరిచి ఉంచండి. సోమవారం పొద్దున ఆ తలుపుకు తాళం కనబడిందా, పైన ఒక్క ఇస్త్రీ పెట్టె కూడా లేవదు.